వంగని వేలు

పోయిన వారం పళ్లావిడను గోల్ఫు మైదానంలో, పచ్చిక అంచున నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. ఆమెను కదిలించే ముందు కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి, మీరూ ఒకప్పుడు కొత్తవాళ్లే.

పళ్లావిడ తినే పళ్లు అమ్మదు. దంతాల డాక్టరు గారి ఆసుపత్రి వెనకగదిలో కూర్చుని కట్టుడు పళ్లు తయారుచేస్తుంది. ఆమె భర్త వేరే ఊళ్లో పిల్లలకు గోల్ఫు నేర్పేవాడు. మూడేళ్ల కిందట పడవ మునిగి నదిలో పోయాడు. అప్పటికి కూతురికి మూడేళ్లు నిండలేదు. ఆ ఊళ్లో ఉండబుద్ధి కాక అత్తాకోడళ్లిద్దరూ పిల్లను తీసుకుని ఈ ఊరు వచ్చేశారు. ఆ పిల్లను అందరూ పిడుగు అంటారు, ఎందుకో ఒక పూట దానితో గడిపితే తెలుస్తుంది. భార్య పోయిన డాక్టరు గారు పళ్లావిడను పెళ్లి చేసుకుంటానని అడిగారు. ఆమె బాగా ఆలోచించుకుని సరేనంది. శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. ఈలోగా పిల్లను మచ్చిక చేసుకుందామని డాక్టరు గారే ముచ్చటపడి గోల్ఫు నేర్పిద్దామన్నారు. తండ్రి విద్య కదా, పిల్ల సంతోషిస్తుందనుకున్నారు. పళ్లావిడకు ఇష్టం లేకపోయినా కాదనలేక తీసుకొచ్చింది. మొదటి పాఠం సగంలో ఉండగా కోచ్ మేడమ్ వచ్చి ఒక్క ప్రశ్న వేసింది: "ఈ పాపకి ఇంతకుముందు ఎవరు నేర్పారు?"

అక్కడ ఆగాం.

"ఎవరూ నేర్పలేదండీ. ఇంతవరకూ కర్ర ముట్టుకోనైనా లేదు" అంది పళ్లావిడ.

కోచ్ మేడమ్ యాభై దాటిన మనిషి. ఎండకు కమిలిన ముఖం, టోపీ కింద చిన్న కళ్లు. పిల్లలతో ఎంత నిదానంగా మాట్లాడుతుందో పెద్దవాళ్లతో అంత కటువుగా మాట్లాడుతుంది. ఆమె పద్ధతి ఏమిటంటే, మొదటి పాఠంలో కర్ర ఇవ్వదు. పిల్లల చేతికి బంతి ఇచ్చి, గుంటలోకి చేత్తో దొర్లించమంటుంది. నేల ఎటు వాలిందో ముందు అరచేతికి తెలియాలంటుంది. పిల్లలు సాధారణంగా బంతిని విసిరేసి దాని వెనకాల పరుగెత్తుతారు. పిడుగు అలా చేయలేదు. ముందు గుంట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది, మోకాళ్ల మీద కూర్చుని పచ్చిక వాలు చూసింది, ఆ తర్వాతే బంతి వదిలింది. తల్లి మెచ్చుకుందామని ఒకడుగు ముందుకు వేస్తే ఆ పిల్ల కసిరింది.

"అమ్మా, అటు తొక్కకు. అది బంతి వెళ్లే దారి."

ఇలా ఎవరు చెప్పారని అడిగితే పిల్ల తన బూట్ల వంక చూసుకుంది. మామూలుగా దాని నోట్లో నువ్వుగింజ నానదు. బళ్లో ఎవరు ఎవరిని గిల్లారో, ఎవరి పెన్సిలు ఎవరి సంచిలో దొరికిందో, తల్లి పనినుంచి వచ్చి చెప్పులు విప్పేలోగా మొత్తం పురాణం చెప్పేస్తుంది. ఆ నోరు మూతపడటం తల్లికి నచ్చలేదు. కోచ్‌కు అంతకన్నా నచ్చలేదు.

టీవీలో చూసి ఉంటుందేమో అని పళ్లావిడ ఒక మాట వేసి చూసింది. టీవీలో చూసిన పిల్లలు గట్టిగా కొట్టడం ఒక్కటే నేర్చుకుంటారని, పక్కవాళ్ల దారి తొక్కకూడదన్నది మాత్రం మనిషి పక్కనుండి చెబితేనే వస్తుందని కోచ్ కొట్టిపారేసింది. తర్వాత తన పద్ధతి తానే తప్పి, సంచిలోంచి పిల్లల కర్ర ఒకటి తీసి పిడుగు చేతికిచ్చింది.

పిల్ల ఏ తడబాటూ లేకుండా కర్ర పట్టుకుంది. పాదాలు సర్దుకుంది, తల వంచింది, బంతిని మెత్తగా తోసింది. అది గుంట అంచుదాకా వెళ్లి ఆగింది. పిల్ల నాలుక కరుచుకుని, ఇంకాస్త ఊపు కావాలని తనలో తనే అనుకుంది. ముచ్చటపడాల్సిన తల్లి కోచ్ ముఖం వంక చూసింది.

కోచ్ ఆమెను దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించింది.

"ఎదురుగా నిలబడి నేర్పితే పిల్లలు అద్దంలో చూసినట్టు తిరగేసి పట్టుకుంటారమ్మా. ఏ పిల్లనైనా చూడండి. ఈ పాప అలా పట్టుకోలేదు. ఎవరో వెనకనించి వంగి, పాప చేతుల మీద తన చేతులు వేసి నేర్పారు. ఒకసారి రెండుసార్లు కాదు."

కన్నబిడ్డను ఎవరో వెనకనుంచి పొదివి పట్టుకున్నారని తెలిస్తే ఏ తల్లికైనా ముందుగా ఏం తోస్తుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. పళ్లావిడకూ అదే తోచింది. బడి గేటు దగ్గర కాపలా మనిషి గుర్తొచ్చాడు. పార్కులో గింజలు అమ్ముకునేవాడు గుర్తొచ్చాడు. కింది వాటాలో ఒంటరిగా ఉండే లెక్కల మాస్టారు, ఎప్పుడు చూసినా పిల్లకు చాక్లెట్ ఇచ్చే ఆ పెద్దమనిషి, ఆయన కూడా గుర్తొచ్చాడు. నిన్నటిదాకా మంచివాళ్లనుకున్న మగవాళ్లంతా ఆ నిమిషంలో దొంగలైపోయారు.

"ఇంకోటి ఉంది చూడండి" అంది కోచ్. "ఎడమచేతి చిటికెన వేలు. కర్రని గట్టిగా పట్టాల్సిన వేలే అది. పాప దాన్ని గాల్లోకి లేపుతోంది."

కోచ్ వంగి ఆ వేలును నెమ్మదిగా ముడిచి కర్ర మీద పెట్టింది. పిల్ల సరేనంది. బంతిని కొట్టేసరికి వేలు మళ్లీ లేచింది. మళ్లీ ముడిచింది. మళ్లీ లేచింది. ఇలా పట్టుకోవాలని నీకెవరు చెప్పారు బంగారూ అని అడిగితే, అలాగే పట్టుకోవాలి కదా అని పిల్ల ఎదురడిగింది.

"ఇది పాప అలవాటు కాదమ్మా. నేర్పిన మనిషికి ఆ వేలు వంగదు. ఏది పాఠమో, ఏది అవిటితనమో పిల్లలకి తెలీదు కదా. రెండూ నేర్చుకుంటారు" అంది కోచ్.

ఈ సంగతి పళ్లావిడకు ఒకరు చెప్పాలా? రోజంతా ఆమె చేసే పనే అది. అచ్చులో వెంట్రుకంత పగులుంటే పోత పోసిన పన్ను మీద కూడా వెంట్రుకంత గీత పడుతుంది. ఆ గీతను బట్టి పగులు ఎక్కడుందో ఆమె కళ్లు మూసుకుని చెప్పగలదు. ఇప్పుడు కళ్లు తెరుచుకునే చెప్పగలిగింది. చిన్నతనంలో తలుపు సందులో నలిగి, ఆ తర్వాత జన్మలో వంగని ఎడమచేతి చిటికెన వేలు ఆమె ఎరిగినంతలో ఒక్కరికే ఉండేది. కాఫీ కప్పు పట్టుకున్నా, నిద్రపోతున్నా, పిల్లను భుజాన వేసుకున్నా అది నిటారుగా నిలబడి ఉండేది. పెళ్లైన కొత్తలో ఆ వేలు చూసి ఎంత ఏడిపించేదో, పోయాక అదే తలుచుకుని అంత ఏడ్చింది.

ఎవరైనా గుర్తొచ్చారా అని కోచ్ అడిగింది. ఎవరూ లేరండీ అంది పళ్లావిడ. ఆ జవాబు ఎంత తొందరగా వచ్చిందంటే, కోచ్ నమ్మలేదని ఆమెకే తెలిసిపోయింది.

"కనుక్కోండి. పాపకి మంచి చెయ్యి ఉంది. నేర్పిన మనిషికి పని తెలుసు, ప్రేమ కూడా ఉంది. మరి పని తెలిసిన మనిషి దొంగచాటుగా ఎందుకు నేర్పాలి? అదొక్కటే నాకు మింగుడుపడటం లేదు" అని కోచ్ టోపీ సర్దుకుని మిగతా పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది. ఇంటి దగ్గర సాధన చేసుకోమని ఆ చిన్న కర్ర పిడుగు చేతిలోనే ఉంచింది.

బస్సులో కిటికీ పక్క సీటు పిల్లకిచ్చి పళ్లావిడ ఆలోచనలో పడింది. మనసు ఒక దారి వెతికింది: రెండేళ్ల వయసులో తండ్రి పట్టుకుని ఆడించినదే పిల్లకు గుర్తుండిపోయిందేమో. ఆ దారి ఎంతో దూరం పోలేదు. అప్పుడు ఈ పిల్లకు చెంచా పట్టుకోవడమే చేతకాదు, అన్నం ముక్కులోకి పోయేది. వాలు చూడటం, దారి తొక్కకపోవడం, ఇంకాస్త ఊపు కావాలనడం రెండేళ్ల జ్ఞాపకాలు కావు. ఇవి మొన్న మొన్నటివి.

చచ్చినవాళ్లు వచ్చి పాఠాలు చెప్పరు. పళ్లావిడకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఆ మాటకొస్తే ఈ నిమిషంలో మనుషుల మీద కూడా లేదు. మధ్యలో డాక్టరు గారు ఫోన్ చేసి పాఠం ఎలా జరిగిందని అడిగారు. బాగా జరిగిందని, పిల్లకు నచ్చిందని చెప్పింది. ఫోన్ పెట్టేశాక, పెళ్లికి ముందే ఆయనకు అబద్ధం చెప్పడం మొదలుపెట్టానని గుర్తొచ్చింది. ఆ వెంటనే ఇంకో అనుమానం పురుగులా దొలిచింది. తండ్రి విద్య అన్న మాట సరే, ఇన్ని ఆటలుండగా ఈయన గోల్ఫే ఎందుకు అన్నాడు? ఈయనకేమైనా తెలుసా? ఒకసారి అనుమానం ఇంట్లో కాలు పెడితే దేవుడి పటాన్ని కూడా తిప్పి వెనకవైపు చూస్తుంది.

పిల్లను మెల్లగా కదిపింది. కోపం లేదని, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నానని చెప్పింది. నాకు నేనే వచ్చేసిందని పిడుగు మొదట బుకాయించింది. బొమ్మ కొనిస్తానంటే వద్దంది. ఆ మాటకు తల్లికి నిజంగా భయం వేసింది, ఎందుకంటే బొమ్మ వద్దనడం ఆ పిల్ల చరిత్రలో లేదు.

"పోనీ నాకొక్కదానికే చెప్పు. ఇంకెవరికీ చెప్పను."

పిడుగు కిటికీ వదిలి ఇటు తిరిగింది. తర్వాత తల్లి చెయ్యి మీద తన చెయ్యి వేసి, పెద్దదానిలా ఓదార్చింది.

"ఇంకెవరికైనా చెప్పొచ్చమ్మా. నీకే చెప్పకూడదు. నానమ్మని కూడా అడక్కు, ఏడుస్తుంది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ఆ దొంగ తోడుగా ఆరేళ్ల పిల్లను తీసుకెళ్తే ఈశ్వరుడి అవసరం ఉండదు.

అత్తగారి గురించి రెండు మాటలు చెప్పకపోతే పళ్లావిడ బాధ మీకు అర్థం కాదు. కన్నతల్లి చేయనంత చేసింది ఆమె. భర్త పోయిన రోజుల్లో కోడలు ఆపరేషనై ఆసుపత్రి మంచం మీద ఉంటే, నది ఒడ్డుకు తానొక్కతే వెళ్లి, నీళ్లలో నాని గుర్తుపట్టలేకుండా ఉన్న శవాన్ని చూసి, మావాడేనని చెప్పి వచ్చింది. ముఖం తెలియలేదని, చిటికెన వేలు చూసి గుర్తుపట్టానని మంచం పక్కన కూర్చుని చెప్పింది. ఆ ఒక్క మాట ఆధారంగా అంతా జరిగిపోయింది. ఈ ఊరు వచ్చాక ఇల్లు నడిపింది, పిల్లను బడికి దింపింది, సాయంత్రం తీసుకొచ్చి పార్కులో ఆడించింది. కోడలి పెళ్లి మాట వచ్చినప్పుడు కూడా కాదనలేదు. కాదనలేదు గానీ, ముహూర్తం అనుకున్నప్పుడల్లా ఏదో ఒకటి వచ్చేది. ఒకసారి మోకాళ్ల నొప్పి, ఒకసారి ఇల్లు మారాలనడం, ఇంకోసారి పిల్లకు పరీక్షలు. ఒకటో తరగతి పిల్లకు ఏం పరీక్షలు? కాలికేస్తే మెడకూ, మెడకేస్తే కాలికీ వేసింది. అప్పుడు ముసలి మనసులెమ్మని కోడలు సరిపెట్టుకుంది. ఇప్పుడు ఆ వాయిదాలన్నీ వరసగా నిలబడి ఆమె ముఖంలోకి చూస్తున్నాయి.

ఇంటికి చేరేసరికి అత్తగారు వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి మనవరాలి బడి గౌను ఇస్త్రీ చేస్తోంది. పిల్ల చెప్పులు విప్పి సరాసరి ముందుగదిలో బొమ్మల దగ్గరికి పోయింది. పళ్లావిడ వంటింటి తలుపు దగ్గరగా వేసింది. పాఠం ఎలా జరిగిందే అని అత్తగారు తలెత్తకుండా అడిగింది.

"బాగా జరిగిందత్తయ్యా. పిల్లకి ముందే వచ్చు. ఎవరు నేర్పారో మీకేమైనా తెలుసా?"

ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. ఆ క్షణం చాలు కోడలికి. నేనే నేర్పానంది అత్తగారు. వాడు నేర్పుతుంటే ఏళ్ల తరబడి చూశానని, ఆ మాత్రం తెలియదా అని, పార్కులో ఊసుపోక ఏదో కర్ర ముక్కతో ఆడించానని చెప్పుకొచ్చింది. అడిగినదానికన్నా నాలుగు ముక్కలు ఎక్కువే చెప్పింది.

పళ్లావిడ పిల్లల కర్ర తెచ్చి చేతికిచ్చింది. ఒకసారి పట్టుకుని చూపించమంది. అత్తగారు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, రెండు చేతుల్తో కర్ర అందుకుని, వాకిలి ఊడవబోయే మనిషిలా నడుం వంచింది. పిల్ల పట్టినదానికి తిరగేసి, కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. పదివేళ్లూ శుభ్రంగా ముడుచుకునే ఉన్నాయి. వేరే రోజైతే ఇద్దరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లు.

"మీరు కాదు" అంది కోడలు.

అయితే పార్కులో ఒకాయన వచ్చేవాడని అత్తగారు మాట మార్చింది. పెద్దాయనని, మర్యాదస్తుడని, పిల్లలంటే ఇష్టమని ఒక్కొక్కటే అతికించుకుంటూ పోయింది. ఎక్కడుంటాడంటే తెలియదంది. పేరేమిటంటే అడగలేదంది. పక్కింటావిడ చుట్టం వస్తే మూడు తరాల ఆరా తీసే మనిషి, మనవరాలి చేతులు పట్టుకున్నవాడి పేరు అడగలేదట. పళ్లావిడకు అప్పటిదాకా లేని కోపం వచ్చింది, కోపం వెనకే ఏడుపూ వచ్చింది, రెండింటినీ మింగి ఒక్కటే అడిగింది.

"ఆయన చిటికెన వేలు వంగుతుందా అత్తయ్యా?"

అత్తగారు కర్రను బల్లకు ఆనించింది. ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపింది. గౌను మడతపెట్టి పక్కన పెట్టింది. పనులన్నీ అయిపోయాక ఇంకేమీ మిగలక స్టూలు మీద కూర్చుంది. తలుపు అవతల పిడుగు బొమ్మలకు ఏదో పాఠం చెబుతోంది.

"ఆ రోజు నది ఒడ్డున చూసిన చేతికి..." అని మొదలుపెట్టి, మడతపెట్టిన గౌను మీద చెయ్యి వేసింది. "వేళ్లన్నీ ముడుచుకునే ఉన్నాయమ్మా. చిటికెన వేలుతో సహా. వాడు కాదని చూడగానే తెలిసింది. తెలిసే అవునన్నాను."

 అత్తగారు కోడలి వంక చూడకుండానే చెప్పుకుపోయింది. అంతకుముందు రాత్రే కొడుకు ఫోన్ చేశాడు. పడవ ఎక్కలేదని, చచ్చాడనుకుంటేనే తనకు మేలని, ఎందుకని అడగొద్దని బతిమాలాడు. అడగలేదు. బిడ్డ బతికున్నాడన్న సంతోషంలో ఏ గడ్డి తిన్నా తప్పు కాదనిపించింది. కోడలు మంచం మీదుంది, లేచాక చెప్పొచ్చనుకుంది. లేచాక చెప్పడానికి నోరు రాలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ మాట ఇంకా బరువైపోయింది. ఈ ఏడు ఎండాకాలంలో ఒకనాడు పార్కు బెంచీ మీద వాడే వచ్చి కూర్చున్నాడు.

"మరి మనం సాగనంపింది ఎవర్ని?" అంది పళ్లావిడ. అంత పెద్ద సంగతిలో ముందు ఇదే ఎందుకు అడిగిందో ఆమెకే తెలియలేదు.

"తెలీదు. ఎవరి బిడ్డో. వాళ్లమ్మ ఇంకా ఎక్కడో ఎదురుచూస్తూనే ఉంటుంది. వాడు కళ్లముందుకొచ్చిన రోజునుంచీ నాకు ఆ తల్లే గుర్తొస్తోంది, వాడు కాదు."

ఈ అత్తగారిని కొట్టాలో, కౌగిలించుకోవాలో పళ్లావిడకు తేలలేదు. భర్త బతికున్నాడన్న మాట ఇంకా లోపలికి దిగలేదు. దిగాక అది సంతోషమో కాదో కూడా తెలియదు. శుక్రవారం సంతకాలు, డాక్టరు గారు, ఆ ఆసుపత్రి, అవన్నీ ఎక్కడో దూరంగా వేరేవాళ్ల ఇంట్లో జరుగుతున్న సంగతుల్లా ఉన్నాయి. ఒక్కటి మాత్రం దగ్గరగా, పక్కగదిలో, బొమ్మలతో మాట్లాడుతూ ఉంది. ఈ మూడేళ్లలో ఆమెకు తన సొంతమని చెప్పుకోగలిగినది ఆ పిల్ల ఒక్కతే. తన దగ్గర ఏదీ దాచదని ధీమాగా ఉన్నదీ ఆ పిల్ల గురించే.

"దానికి తెలుసా, ఆయనెవరో?"

తెలుసంది అత్తగారు. మొదటిరోజే వాడు చెప్పేశాడట. అమ్మకు చెబితే నాన్న మళ్లీ పోతాడన్నాడట. అందుకే అది నోరు కట్టేసుకుని, రోజూ తల్లి పక్కలో పడుకుని, ఒక్క ముక్క బయటపెట్టకుండా ఇన్నాళ్లు నెట్టుకొచ్చింది. ఆ పసి ప్రాణం మీద ఇంత బరువు పెట్టడానికి వీళ్లకు మనసెలా ఒప్పిందనిపించింది పళ్లావిడకు. ఇన్నాళ్లు దాచినదాన్ని అత్తగారు ఇవాళ ఇంత తేలిగ్గా ఎలా చెప్పేసిందన్న అనుమానం ఆ తర్వాత వచ్చింది. ఒక్క వేలికి ఇంత మనిషి లొంగిపోతుందా?

"ఇంకేదో ఉంది. చెప్పండి."

అత్తగారు మొదటిసారి కోడలి కళ్లలోకి చూసింది. ఆ చూపులో ఇప్పుడు దొంగతనం లేదు, భయం ఉంది.

"నీ పెళ్లి సంగతి వాడికి తెలిసిపోయింది. రేపు పార్కుకి రాడు, బడి వదిలే వేళకి గేటు దగ్గరికే వస్తానన్నాడు. పిల్లని తీసుకుని వెళ్లిపోతాట్ట. నేను కాళ్లు పట్టుకున్నాను, వినలేదు. దాన్నే అడుగుదామని, నా ముందే అడిగాడు."

"ఏమని?"

"అమ్మ దగ్గరుంటావా, నాతో వస్తావా అని."

పిల్ల ఏమందో పళ్లావిడ అడగలేదు.  తలుపు అవతల బొమ్మల పాఠం ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

"'నీతోనే వస్తా నాన్నా' అంది" అంది అత్తగారు.